మూడు నెలలు అబద్ధం ఆడకుండ టైలర్ షాపు నడిపిన – నా అనుభవం

2025 జులై 10 గురువారం ఆషాఢ పున్నమి నాడు మొదలువెట్టిన, అక్టోబర్ 7 దాక నడిచింది. లెక్కకు 90 రోజులు. ఎట్లయింది ఎట్లయింది అని అందరు అడుగుతాండ్రు, ఒక్కొక్కరికి చెప్పుడు నాతోని అయితలేదు, అందుకే ఒక్కసారే రాస్తాన. కొంచెం పొడుగైతది, ఓపికున్నోళ్ళే చదువుండ్రి.

హన్మకొండల మాది లేడీస్ టైలరింగ్ షాపు. రెండు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, ఒక ఫాల్ పీకో మిషన్. నేను, నాతోని హసన్‌పర్తి దిక్కు నుంచి రోజు బస్సుల వచ్చే ఒక పిల్ల. కటింగ్, కుట్టుడు నాది. హుక్కులు, హెమ్మింగు, ఫాల్ ఆ పిల్లది, కుట్టేటప్పుడు నా ఫోన్ ఎత్తేది గూడ ఆ పిల్లనే. ఇగ మా పనిల దారం కంటె అబద్ధమే ఎక్కువ ఖర్చయితదని మీ అందరికి ఎర్కే. "మిషన్ మీదనే ఉంది అక్కా", "హుక్కులు ఒక్కటే బాకీ", "నిన్నంత కరెంటు లేదు", "గిప్పుడే మీకే ఫోన్ చేద్దామనుకుంటాన". బట్ట ఇంకా కవర్ల నుంచి బయటికి తియ్యకముందే హుక్కుల దాక పోయినమని చెప్పిన రోజులు మస్తున్నయ్.

మాది అంబేద్కర్‌ను మొక్కే ఇల్లు. చిన్నప్పటి సంది ఏప్రిల్ 14 నాడు, పెళ్ళిళ్ళల్ల, బౌద్ధుల త్రిశరణం పంచశీల, అంటే మూడు శరణాలు ఐదు శీలాలు, చెప్తనే ఉన్నం. ముసావాదా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి అని నోటికొస్తది, అర్థం ఎన్నడు పట్టిచ్చుకోలె. మా కాలనీల ఒక రిటైర్డ్ తెలుగు సార్ ఉన్నడు, ఆదివారం ఆదివారం కమ్యూనిటీ హాల్‌ల ఓ ఎనిమిది పది మందిమి కూసుంటం, ఆయన సుత్తాలు, అంటే బుద్ధుని బోధలు, చదివి చెప్తడు. పున్నమి నాడు పొద్దుగూకంగ సార్ ఏమన్నడంటే, ఈ పున్నమి నుంచి భిక్షువులు మూడు నెలలు వానాకాలం ఒక్క తావుల ఉంటరు, దాన్ని వర్షావాసం అంటరు, మనకు సంసారాలున్నయ్ గట్ల కూసోలేం, గని ఒక్కొక్కరు ఒక్క శీలం గట్టిగ పట్టుకుందాం అన్నడు. ఒకాయన మందు బంద్ అన్నడు. నేను నాలుగోది, అబద్ధం ఆడొద్దనేది, అన్న. అందరు నవ్విండ్రు. "టైలరువు నువ్వు, నీతోని అయితదా" అని పక్కన కూసున్న అక్కనే అన్నది. సార్ మాత్రం నవ్వలె, ఇది ఒట్టు కాదు, దేవుడు పెట్టిన ఆజ్ఞ కాదు, సిక్ఖాపదం అంటే నేర్చుకునే మెట్టు, తప్పు పోతే రాసుకో మళ్ళ మొదలువెట్టు అన్నడు. గా మాటకే నాకు ధైర్యమొచ్చింది.

కొలతల బుక్కు ఉంటది గద, దాని ఎనకాల పేజీల గీతలు పెట్టుడు మొదలువెట్టిన. 11 తారీఖు శుక్రవారం, మొదటి రోజు, రాత్రి షట్టర్ వేసేటప్పటికి 14 గీతలు. ఆషాఢంల అసలు గిరాకే ఉండది, షాపుకు వచ్చిందే ఆరుగురు, ఫోన్లు ఓ పది. గండ్ల 14. నాకే సిగ్గనిపిచ్చింది. ఇంకో ముచ్చట ఏందంటే సగం అబద్ధాలు వాళ్ళు అడగకముందే చెప్పినయే. ఒకామె ఊకె దారిల పోతా నమస్తే అక్కా అన్నది, నేనేమో "మీదే కటింగ్ చేస్తాన" అన్న. ఆమె బట్టనే ఇయ్యలె నాకు! వేరే ఆమె అనుకున్న.

రెండో వారం వరకు రోజుకు నాలుగైదుకు దిగింది. అల్కగనే ఉంది అనుకున్న గని అది ఆషాఢం మహిమ. జులై 25 నుంచి శ్రావణం, ఆగస్ట్ 8న వరలక్ష్మి వ్రతం, అసలు పరీక్ష అక్కడ. అప్పుడు కూసోని ఒక పని చేసిన, ఇన్నేండ్లల్ల ఎన్నడు చెయ్యనిది. ఒక లైనింగ్ బ్లౌజుకు ఎంతసేపు పడ్తాందో ఫోన్‌ల టైము పెట్టి చూసిన. కటింగ్‌తోని కలిపి గంటన్నర పైనే. అంటే పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాక, మధ్యల తిండి, వచ్చేటోళ్ళతోని మాటలు అన్ని పోను రోజుకు ఆరు, మస్తు మస్తంటె ఏడు. నేను శ్రావణంల ఎన్ని పడ్తుంటినంటే రోజుకు పది పన్నెండు! అంటే బట్ట పట్టుకునేటప్పుడే నేను అబద్ధం ఆడిన, తర్వాత నెలంత దాన్ని కాపాడుకునేందుకు చిన్న చిన్నయి ఆడుతున్న గంతే. గోడకు పెద్ద క్యాలెండర్ కొట్టిన, ఒక్కో తారీఖు డబ్బల ఆరే పేర్లు, నిండితే అడ్డం గీత. కొత్తగ వచ్చినోళ్ళకు "వ్రతం దాక ఖాళీ లేదు అక్కా" అని మొకం మీదనే చెప్పుడు. మా దిక్కు గిరాకిని వాపస్ పంపుడంటే లక్ష్మిని వెళ్ళగొట్టుడే. మొదటి రోజు నలుగురిని పంపిచ్చినంక నాకు రాత్రి అన్నం పోలె.

లెక్క గూడ చెప్తా, అందరు అడిగేది గదే. పోయిన శ్రావణంల ఖర్చులు పోను 41 వేలు మిగిలినయ్, ఈసారి 29 వేలు. మా ఆయన ఏమనలె గని క్యాలెండర్ దిక్కు చూసి ఊపిరి ఇడ్సిండు.

ఎవ్వరు చెప్పని కష్టం ఇంకోటొచ్చింది. నేను 2 తారీఖు అంటే 2 నాటికి బ్లౌజ్ రెడీ చేసి హ్యాంగర్‌కు వేస్తున్న, వాళ్ళు వస్తలేరు! ఎందుకొస్తరు, ఇన్నేండ్లు నేను 2 అంటే వాళ్ళ లెక్కల 7 అని. ఒక వారంల 23 బ్లౌజులు రాడ్‌కు వేలాడినయ్, ఒక్కోటి 450, పదివేల పైన పైసలు అట్లనే గోడకు ఉన్నయ్, లైనింగ్ బట్ట దుకాణంల నాకు బాకీ పెరుగుతాంది. "రెడీ అయింది అక్కా వచ్చి తీస్కపోండి" అని ఫోన్ చేస్తే ఒకామె "నిజంగనా?" అని మళ్ళ మళ్ళ అడిగి, ఆటో పైసలు దండుగైతయని వీడియో కాల్ చేసి చూపియ్యమన్నది. చూపిచ్చిన. మనం ఒక్క రోజుల మారుతం, మన పేరు మారేందుకు నెలన్నర పట్టింది, ఇది రాసిపెట్టుకోండ్రి.

ఆగస్ట్ 16 శనివారం పెద్ద తప్పు చేసిన. ఒక మేడం, బ్యాంకుల చేస్తది, ఏండ్ల సంది మా గిరాకి. చంక కాడ పట్టేస్తాందని బ్లౌజ్ వాపస్ తెచ్చింది. ఇదివరకైతే "లైనింగ్ షింక్ అయింది మేడం" అని కుట్టు ఇప్పి ఇద్దును. ఇప్పుడు అబద్ధం ఆడొద్దు గద, "మీరు లావైండ్రు మేడం, రెండించులు" అన్న. షాపుల ఇంకో ముగ్గురున్నరు. టేప్ గూడ పట్టి చూపిచ్చిన, అదొక తెలివి. ఆమె ఏం మాట్లాడలె, బ్లౌజ్ మడిచి బ్యాగుల పెట్టుకొని పోయింది. పోయేటప్పుడు మొకం ఎట్లున్నదో నాకిప్పటికి కండ్లల్ల ఉంది. ఆమెకు థైరాయిడ్ వచ్చి మందులు మింగుతాందని తర్వాత తెలిసింది.

తెల్లారి ఆదివారం సార్‌తోని వాదన పెట్టుకున్న. నేను నిజమే చెప్పిన గద సార్ అని. ఆయన అభయ రాజకుమార సుత్తం తీసిండు. అభయుడనే రాజకుమారుడు బుద్ధుని ఇరికియ్యాలని వస్తడు, మీరు ఎదుటోళ్ళకు నచ్చని మాట చెప్తరా చెప్పరా అని అడుగుతడు. అప్పుడు అభయుని ఒడిల చిన్న పిలగాడు పండుకొని ఉంటడు. ఈ పిలగాడు నోట్లె రాయో పుల్లనో పెట్టుకుంటే ఏం చేస్తవని బుద్ధుడు అడుగుతడు. తీస్త, ఒక చేత్తోని తలకాయ పట్టుకొని వేలు వంచి తీస్త, రక్తమొచ్చినా తీస్త, ఎందుకంటే పిలగాని మీద జాలి అంటడు అభయుడు. అప్పుడు చెప్తడు బుద్ధుడు, నిజమైనా పనికిరాని మాటైతే నేను చెప్పను, నిజమై, పనికొచ్చేదై, వినేటోళ్ళకు చేదైతే, చెప్పే సమయం చూసి చెప్త అని. నేను ఊకుంటనా, "కొలత పెరిగిందని చెప్తే పనికొస్తది గద సార్" అన్న. "మరి కొలత పెరిగింది అని ఆగవైతివి, లావైనవ్ అని ఎందుకన్నవ్, నలుగురి ముందట ఎందుకన్నవ్?" అన్నడు. జవాబు లేదు నా దగ్గర. నిజం చెప్పాలంటే, అన్నప్పుడు లోపల కొంచెం కమ్మగనే అనిపిచ్చింది నాకు, నేను ఎంత నిక్కచ్చి చూడుండ్రి అన్నట్టు. పిలగాని నోట్ల రాయి తీసినట్టు లేదది, రాయి ఇసిరినట్టున్నది. సార్‌కు గది చెప్పలె, ఇక్కడ రాస్తాన.

సోమవారం పొద్దుగాల ఆమె ఇంటికి పోయిన. తలుపు తీసింది, చాయ్ ఇయ్యలె. తప్పయింది మేడం, కొలత మళ్ళ తీస్త, పైసలొద్దు అన్న. చూస్త అన్నది. సెప్టెంబర్ల వచ్చింది, రెండు బ్లౌజులు ఇచ్చింది, మాట మాత్రం మునుపటిలెక్క లేదు. ఇప్పుడు మా షాపుల "కొలత మారింది, మళ్ళ తీద్దాం" గంతే. టేపు కర్టెన్ ఎనకాలకు పోయినంకనే బయటికి తీస్త.

బుద్ధుడు చెప్పిన సమ్మావాచాల, అంటే సరైన మాటల, ఇడిసిపెట్టాల్సింది అబద్ధం ఒక్కటే కాదు ఇంకో మూడున్నయట, చాడీలు, కటువు మాట, పనికిరాని ముచ్చట. గవి గూడ పడుదామని చూసిన. ఆఖరిది నాతోని కాలె, చెప్తే అదొక అబద్ధమైతది. లేడీస్ టైలర్ షాపుల ముచ్చట బంద్ చేస్తే హుక్కులు ఎవరు కుడ్తరు చెప్పండ్రి, నిద్రొస్తది. ఇంట్ల విషయం ఒకటుండె, పైసలది, అది మా అత్తమ్మకు చెప్పాల్నా అని పది రోజులు నెత్తి పాడైంది. చెప్పకుండ ఊకునుడు వేరు, అడిగితే లేదనుడు వేరు అన్నడు సార్. ఆమె అడగలె. నేను చెప్పలె. ఇక్కడ గూడ రాయను.

ఇగ బతుకమ్మ. సెప్టెంబర్ 21 ఆదివారం ఎంగిలిపూలు, 30 మంగళవారం సద్దులు. క్యాలెండర్ సెప్టెంబర్ 5కే నిండింది. ఈసారి మస్తు నెమ్మదిగ నడుస్తాంది, రాత్రి పన్నెండు దాక కూసునుడు లేదు, మొదటిసారి పండుగ ముందట టైముకు అన్నం తింటాన అనుకుంటుంటే 24 బుధవారం పెద్ద మిషన్ మోటర్ కాలింది. పొగ వాసనొచ్చింది, ఆగింది. మెకానిక్ చూసి కాయిల్ పోయింది, కొత్తది రెండు రోజులు పడ్తది అన్నడు. 2,200 అయింది. ఆఖరికి మూడు రోజులు పట్టింది. చిన్న మిషన్ మీద తొక్కుకుంట కుడితే రోజుకు మూడే. పెన్ను పట్టుకొని లెక్క ఏస్తే 11 మంది బ్లౌజులు సద్దులకు అందవు.

ఇదివరకైతే 29 దాక అందరికి "అయితది" అనే అందును, 30 పొద్దుగాల ఫోన్ బంద్. ఈసారి ఆ 11 మందికి గురువారం నేనే ఫోన్ చెయ్యాలె, ఐదు రోజుల ముందట, వేరే దగ్గర ఇచ్చుకునేందుకు వాళ్ళకు టైమ్ ఉండాలె గద. కుర్చీల కూసోని మొదటి నంబర్ కొట్టేందుకు పావుగంట పట్టింది, చేతుల చెమట, స్క్రీన్ వేలు తీసుకుంటలేదు, కొంగుకు తుడుచుకొని మళ్ళ కొట్టిన. మొదటామె తిట్టింది. రెండో ఆమె "సరే, చెప్పినవ్ గద, పోయినేడుదే వేసుకుంట" అన్నది, గామె మీద నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒకామె బిడ్డకు కొత్త పెళ్ళి, మొదటి బతుకమ్మ, అది ఎట్లనన్న కుట్టిచ్చిన. నలుగురు బట్ట వాపస్ తీస్కపోయిండ్రు, అందుల ఇద్దరు మళ్ళ రాలె. ఏడో ఫోన్ తర్వాత ఇగ చాతగాలె, చాయ్ తాగిన. మిగిలిన నలుగురికి సాయంత్రం చేసిన అని నాకు గుర్తు. ఆ గుర్తు గూడ తప్పే, ముందట చెప్తా.

సద్దుల నాడు నాలుగింటికి షట్టర్ వేసి తలస్నానం చేసి, ఊరంత బతుకమ్మ ఆడే పద్మాక్షి గుట్టకు పోయిన. పదహారేండ్ల సంది షాపు నడుపుతాన, గుట్ట కాడికి మొకం దాచుకోకుండ పోయింది ఈ ఏడే. ప్రతి యేడు ఎవరో ఒకరు గుంపుల పట్టుకొని "నా జాకెటేది" అందురు, అందుకే నేను మా గల్లీలనే ఆడుకొని నీళ్ళల్ల వేసి వచ్చేదాన్ని. ఈసారి జనంల నేను కుట్టిన చేతులు, నేను కుట్టిన ఎనక డోరీలు చూసుకుంట తిరిగిన. ఎన్ని ఉన్నయో లెక్కపెడుదామనుకున్న, పది దాటినంక డప్పుల చప్పుడుకు లెక్క తప్పింది.

అక్టోబర్ 6 సోమవారం, ఆశ్వయుజ పున్నమి. వర్షావాసం ముగిసేటప్పుడు భిక్షువులు పవారణ అని చేస్తరట, ఇది నాకు అసలు తెల్వదు. ఒక్కొక్కరు లేసి సంఘాన్ని అడుగుతరు, నాలో మీరు చూసింది గాని, విన్నది గాని, అనుమానపడ్డది గాని తప్పుంటే దయచేసి చెప్పండ్రి, దిద్దుకుంట అని. మూడుసార్లు అడుగుతరు. పెద్దోళ్ళ సంది మొదలైతది, చిన్నోళ్ళ సంది కాదు. శ్రావస్తిల పూర్వారామం అనే విహారంల 500 మంది భిక్షువుల మధ్యల బుద్ధుడే ముందట అడిగిండట, నా మాటల గాని చేతల గాని మీకు నచ్చనిది ఉందా అని. నేను మూడు నెలల సంది నా నోరు గురించే ఆలోచిస్తున్న, నిజం చెప్పిన్నా లేదా అని. ఎదుటోళ్ళ నోరు ముచ్చట నాకు తట్టనే లేదు.

సార్ మమ్ముల గూడ చేద్దామన్నడు. ఎనిమిది మందిమి. ముందట ఆయనే చేతులు జోడిచ్చి అడిగిండు. ఎవ్వరు మాట్లాడలె. రెండోసారి అడిగిండు. ఫ్యాన్ చప్పుడే. మూడోసారి అడిగినంక, మందు బంద్ చేసిన ఆయన మెల్లగ "సార్, మీరు మమ్ముల మాట్లాడనియ్యరు. బావరి అనే గురువు శిష్యులు పదహారు మంది మన గోదావరి ఒడ్డు నుంచి అంత దూరం పోయి బుద్ధుని ఒక్కొక్కరు ప్రశ్నలడిగిండ్రని మీరే చెప్తరు, మేం ఒక్కటడిగితే అది వచ్చే వారం అంటరు" అన్నడు. సార్ మొకం ఎర్రగైంది. జర సేపాగి, అవును అన్నడు. నా వంతొచ్చినప్పుడు ఎవరు ఏమనలె, ఒకామె మాత్రం నవ్వుకుంట "ఫాల్‌కు పది రూపాయలు ఎక్కువ తీసుకుంటవ్" అన్నది. గంతేనా అని కుశాలైంది నాకు. ఇంటికొచ్చినంక మాత్రం, వీళ్ళు నన్ను వారానికి గంట చూస్తరు, రోజంత చూసేది మా పిల్ల కదా అని మనసుల పడ్డది.

తెల్లారి 7 మంగళవారం. పండుగైంది కాబట్టి పని లేదు. పిల్ల స్టూల్ మీద కూసోని ఒక పంజాబీ డ్రెస్‌కు హెమ్మింగ్ చేస్తాంది. నేను ఎదురుంగ కూసోని అడిగిన, నాలో నువ్వు చూసింది, విన్నది, అనుమానపడ్డది ఏమన్న ఉంటే చెప్పు అని. "ఏం లేదక్కా" అన్నది, తల ఎత్తలె. రెండోసారి అడిగిన. "మీరు మంచిగనే ఉంటరు కదక్కా" అన్నది. సూది మాత్రం ఆగింది. మూడోసారి అడగబుద్ధి కాలె, ఏం లేదంటాంది గద ఇగ చాలు అని మనసు అంటాంది. అడిగిన. ఏం చెప్పినా జీతంల కోత ఉండది, కోపానికి రాను అని గూడ అన్న.

పిల్ల దారం పండ్లతోని తెంపి, సూదిని దిండుకు గుచ్చి, అప్పుడు అన్నది. "మీరు అబద్ధం ఆడుతలేరు అక్కా. నాతోని ఆడిపిస్తాండ్రు."

నాకు సమజ్ కాలె. "ఫోన్ నేనే ఎత్తుత కదక్కా. మీరు చెయ్యి ఊపుతరు. నేను అక్క బయటికి పోయింది అంట. జులై సంది ఎక్కువైంది. మోటర్ కాలినప్పుడు మిగిలిన నలుగురికి ఫోన్ చేసింది నేను, మీరు కాదు. అక్కకు జరమొచ్చిందని చెప్పిన. మీరు పక్కనే చాయ్ తాగుతాండ్రు." అప్పటిదాక మెల్లగ మాట్లాడిన పిల్ల ఒక్కసారి గబగబ అన్నది, "వాళ్ళల్ల ఒకామె మా ఊరామె. సద్దులనాడు అక్కకు తగ్గిందా అని నన్నడిగింది. గుట్ట కాడ మీరు ఆడుకుంట కనిపిచ్చిండ్రట."

చెయ్యి ఊపుడు. అవును, ఊపిన. ప్రతిసారి ఊపిన. గీతలు పెట్టే పేజీల ఒక్క గీత లేదు దానికి, ఎందుకంటే నోరు తెరవలె కదా నేను. కోపానికి రానన్న గని వచ్చింది, ఒక్క నిమిషం బాజాప్త వచ్చింది, గిది ఇన్ని రోజులు ఎందుకు చెప్పలె అని నోటిదాక వచ్చింది. మింగిన. ఎట్ల చెప్తది, నెలకు తొమ్మిది వేలు ఇచ్చేదాన్ని నేను.

సాయంత్రం సార్‌కు ఫోన్ చేసిన. ఆయన ధమ్మిక సుత్తం అని సుత్తనిపాతంల ఉంటదని తీసి చదివిండు, సంసారులకు చెప్పిన ముచ్చట. సభల గాని నలుగుట్ల గాని ఒకరితోని అబద్ధం ఆడొద్దు, ఇంకొకరితోని ఆడిపియ్యొద్దు, ఆడేటోళ్ళను ఒప్పుకోవద్దు అని. పాళీల "న భాణయే" అంటరట ఆడిపియ్యొద్దనేదాన్ని. మొదటి రోజే చదవకపోతిరి సార్ అన్న. "నువ్వు అడగలె, నేను మిమ్ముల అడగనియ్యలె" అన్నడు, ఇద్దరం నవ్వినం.

8 తారీఖు నుంచి ఫోన్ నేనే ఎత్తుతాన. కుట్టు మధ్యల ఆగుడైతాంది, ఆరు బ్లౌజులు అయ్యే రోజు ఐదే అయితానయ్, క్యాలెండర్‌ల ఒక పేరు తగ్గిచ్చిన. ఆ ఊరామెకు నేనే ఫోన్ చేసి జరం లేకుండె, మోటర్ కాలింది, నేనే గట్ల చెప్పిచ్చిన, పిల్లదేం తప్పు లేదు అని చెప్పిన. "గింత దానికి ఫోనెందుకమ్మా" అన్నది గని పిల్లతోని మంచిగ మాట్లాడుతాందట ఇప్పుడు.

నిన్న శనివారం జీతం ఇచ్చేటప్పుడు పిల్ల పైసలు లెక్కవెట్టుకుంట, "ఇంకోటి గూడ ఉందక్కా చెప్పాల్సింది" అన్నది. చెప్పు అన్న. "ఇప్పుడు కాదు, దీపావళి అయినంక చెప్త" అని చెప్పులేసుకొని బస్సుకు పోయింది. దీపావళి 20 తారీఖు. ఇంకా ఎనిమిది రోజులుంది. ఒక్కసారి ఫోన్ చేసి అడుగుదామా అని రెండుసార్లు ఫోన్ తీసి మళ్ళ పెట్టిన.